మూడోది ఎందుకురా!

గిన్నెలోని రాగిజావ పూర్తిగా చల్లారిందో లేదోనని నతానియేలు చిటికెనవేలు ముంచి చూశాడు. చల్లగానే ఉంది. అయినా మరో నిమిషం ఆగి, చెంచాలో సగం మాత్రం తీసుకుని, గడ్డం కిందికి వంచి, కళ్లు మూసుకుని మింగాడు. గొంతులో నిప్పు దొర్లినట్టయి ఆ మంట రెండు చెవుల్లోకీ పాకింది. ఐదు రోజులుగా ఇదే వరస. గడ్డం వంచకుండా తాగితే జావ ముక్కులోకి ఎక్కుతుంది. తొందరపడితే దగ్గు వస్తుంది. దగ్గితే కుట్లు తెగి రక్తం పడుతుందని డాక్టరు భయపెట్టి పంపాడు. యాభై ఎనిమిదేళ్లు వచ్చాక మింగడం ఎలాగో మళ్లీ మొదటి నుంచి నేర్చుకుంటున్నాడు.

ఒళ్లో పలక ఉంది. దాని మీద బలపంతో "ఉప్పు లేదు" అని రాసి భార్య వైపు తిప్పాడు.

బియ్యం చెరుగుతున్న రూతమ్మ చేట ఆపి, కళ్లు చికిలించి చదివింది.

"ఉప్పు నేనే ఎయ్యలా. మంట పుడతాదని నీ బిడ్డే చెప్పింది. సప్పిడిదే తాగు. నోరు లేనప్పుడు గూడ వంకలు పెట్టేది మానవు గదయ్యా నువ్వు!"

నతానియేలు నవ్వబోయి, నవ్వితే కూడా నొప్పేనని గుర్తొచ్చి ఆగిపోయాడు.

పది రోజులు నోరు విప్పకూడదని డాక్టరు అన్నప్పుడు, ఒంగోలులో నర్సు పని చేస్తున్న కూతురు స్టెల్లా, "సెల్లులో టైపు చెయ్యి నాయనా" అంది. నతానియేలు వేళ్లకు ఆ అద్దం మీద అక్షరాలు దొరకలేదు. నలభై ఆరేళ్లు రాయి పట్టిన వేళ్లు. ఒకటి నొక్కితే మూడు పడేవి. మార్కాపురం తిరిగి వచ్చాక రూతమ్మే అటక మీద నుంచి ఈ పలక దించింది. కొయ్య చట్రం, నాలుగు మూలలా రేకు బిళ్లలు. పలకల ఫ్యాక్టరీ మూతబడ్డ రోజు, ఆఖరి లారీకి లోడెత్తాక, గుర్తుగా ఒకటి తెచ్చుకున్నాడు. లక్షల పలకలు అతని చేతుల మీదుగా ఎక్కడెక్కడి బడులకో వెళ్లాయి. చట్రం బిగించిన నిండు పలక మీద తను రాయడం మాత్రం ఇదే మొదలు. అతను అక్షరాలు దిద్దుకున్నదంతా పగిలిన ముక్కల మీదే.

చర్చి వీధిలో వాళ్లు ఒక్కొక్కరే వచ్చి పలకరించి పోయారు. వచ్చిన ప్రతివాళ్లూ, "కొండనాలుకకు మందేస్తే ఉన్న నాలుక ఊడిందంట" అని తామే కొత్తగా కనిపెట్టినట్టు అని నవ్వారు. నతానియేలుకు మందు వేయడం కాదు, కొండనాలుకనే కత్తిరించేశారు. ఉన్న నాలుక నోట్లోనే ఉంది గానీ దానికి పది రోజులు పని లేదు.

ఇంతా చేసింది గురక కోసం.

ఆ గురక సామాన్యమైనది కాదు. పెళ్లయిన కొత్తలో అత్తగారి ఊరు వెలిగండ్లలో మూడు రాత్రులు నిద్ర చేస్తే, నాలుగో రోజు పొద్దున రూతమ్మ వాళ్ల అవ్వ వాకిట్లో నిలబడి, "రాత్రంతా ఎవురే బోరు ఏస్తన్నది? నీళ్లు పడినయా?" అని అడిగింది. ఆ ఎండిన ఊళ్లో బోరు వేయడం, నీళ్లు పడకపోవడం రెండూ మామూలే కాబట్టి ఎవరికీ అనుమానం రాలేదు. రూతమ్మ మాత్రం కొంగు నోట్లో కుక్కుకుని ఇంట్లోకి పరుగెత్తింది. ఇన్నేళ్ల తరువాత కూడా ఆ మాట తలచుకుంటే ఆమెకు నవ్వు ఆగదు.

పలకల షెడ్డులో అయితే ఆ గురకే గడియారం. మధ్యాహ్నం సద్దిగిన్నెలు కడిగి బోర్లించి, అందరూ రాతిపొడి మీదే తువ్వాళ్లు పరుచుకుని ఒక కునుకు తీసేవాళ్లు. మేస్త్రి పెద్దయ్య మాత్రం పడుకోకుండా బీడీ కాలుస్తూ నతానియేలు గురక వింటూ కూర్చునేవాడు. మొదట సన్నగా ఈల. తరువాత రంపం కోత. ఆ తరువాత క్వారీలో మందు పేలిన మోత. "పేలిందిరా, ఇంక లేవండి!" అని మేస్త్రి కేకేశాడంటే అరగంట అయినట్టు లెక్క. యజమాని నాగేశ్వర్లు గోడకు గడియారం తగిలించాక కూడా ఆ షెడ్డు నతానియేలు గురకకే లేచేది.

నిరుటి నుంచి ఆ బోరు మధ్యలో ఆగిపోవడం మొదలైంది. మోత మంచి ఊపులో ఉండగా టక్కున తెగిపోయేది. రూతమ్మ తన ఊపిరి కూడా బిగబట్టి, అది మళ్లీ మొదలయ్యేదాకా చీకట్లో లేచి కూర్చునేది. ఆ సంగతి విన్న స్టెల్లా తండ్రిని ఊరుకోనివ్వలేదు. "ఇది గురక కాదు నాయనా, నీ ఊపిరి ఆగిపోతాండేది. చిన్న పనే, గంటలో అయిపోతాది" అని ఒంగోలు తీసుకుపోయింది. గంటలోనే అయిపోయింది కూడా. నాలుగు రాత్రులుగా నతానియేలు సద్దు లేకుండా నిద్రపోతున్నాడు. రూతమ్మకు మాత్రం ఇప్పుడు అసలే నిద్ర లేదు. గంటకోసారి లేచి అతని ముక్కు దగ్గర అరచెయ్యి పెట్టి చూస్తోంది.

"మోగితే ఆగతాదని భయం, మోగకుంటే ఆగిందేమోనని భయం. నీతో ఇదేం కాపురమో" అని ఈ పొద్దున కూడా సణిగింది.

జావ సగం దాకా వచ్చేసరికి పక్కింటి రోజీ గడపలోకి వచ్చి నిలబడింది. పెద్దయ్య మేస్త్రికి కోడలు. భర్త సురేష్ లారీ తోలుతాడు. నెలకు పది రోజులే ఇంట్లో ఉంటాడు. ఆమె నతానియేలు వైపు చూసి, చెప్పనా వద్దా అన్నట్టు కాసేపు కొంగు చివర నలుపుకుంది.

"అన్నా, మా మామ నిన్న పొద్దున్నుంచి ముద్ద ముట్టలా."

నతానియేలు చెంచా కింద పెట్టాడు.

"ఏమైంది? జొరమా?" అంది రూతమ్మ.

"జొరం లేదు, ఏం లేదు వదినా. అన్న సచ్చిపోయినాడంట."

"ఎవురు?"

"ఈ అన్నే."

రూతమ్మ చేట పక్కన పెట్టింది. రోజీ గడప మీద కూలబడి అంతా చెప్పుకొచ్చింది. మేస్త్రికి చూపు పోయి ఆరేళ్లయింది. ఆయన మంచం, ఈ ఇంటికీ ఆ ఇంటికీ ఉమ్మడిగా ఉన్న గోడను ఆనుకుని ఉంటుంది. పలకల క్వారీలో పారబోసిన రాతి చెక్కలు పేర్చి, మట్టి మెత్తి కట్టిన గోడ అది. ఇటు దగ్గితే అటు వినబడుతుంది. పగలూ రాత్రీ తేడా తెలియని ఆ మనిషికి, నతానియేలు గురక మొదలైతేనే రాత్రి అయినట్టు. అది విన్నాకనే ఆయనకు కన్ను మూతబడేది. ఇప్పుడు నాలుగు రాత్రులుగా గోడ అవతల ఏ మోతా లేదు.

"ఆపరేషన్ చేసినారు మామా, బాగున్నాడు, గొంతు గదా మాట్లాడగూడదన్నారు అని నేను లక్ష సార్లు చెప్పినా. 'మా తమ్మునప్పుడు గూడ ఇవే మాటలు చెప్పినారు' అంటాడు. గంజి తీసుకపోతే, 'పక్కింట్లో పీనుగను పెట్టుకోని నన్ను కూడు తినమంటావా, సిగ్గు లేదా' అని గిన్నె తోసేసినాడు."

పెద్దయ్య తమ్ముడి మాట వినగానే నతానియేలుకు గొంతు మంట మరిచిపోయేంత బాధ గుండెలో కదిలింది.

పన్నెండేళ్ల కిందటి మాట. రాతిపొడి ఊపిరితిత్తుల్లో పేరుకుపోయి ఆ తమ్ముడు గుంటూరు ఆస్పత్రిలో పోయాడు. పెద్దయ్యకు కూడా ఆ జబ్బే. అప్పుడు ఆయనకు బాగా ఆయాసంగా ఉంది. ఇలాంటి కబురు బలహీనంగా ఉన్నవాళ్లకు వెంటనే చెప్పకపోవడం ఆ వీధి ఆనవాయితీ. మనిషి తేరుకునేదాకా, చచ్చినవాణ్ని మాటల్లో బతికించి ఉంచుతారు. ఆ పని ఎవరు చేయాలన్న ప్రశ్న వస్తే అందరూ నతానియేలు వైపు చూశారు, మేస్త్రి అతని మాట ఒక్కటే నమ్ముతాడని. నతానియేలు వెళ్లి మంచం అంచున కూర్చుని చెప్పాడు: "బాగున్నాడు మామా. గొంతులో గొట్టం ఏసినారు. మాట్లాడగూడదన్నారు." తొమ్మిది రోజులు రోజూ వెళ్లి అదే చెప్పాడు. పదో రోజు చర్చిలో పోయినవాడి కోసం జరిగిన ఆదరణ కూడిక మైకు మోత గాలికి ఇటు తిరిగి, తమ్ముడి పేరు పెద్దయ్య చెవిన పడింది. ఆయన ఎవరినీ ఏమీ అనలేదు. నతానియేలును కూడా అనలేదు. అనకపోవడమే అతనికి ఇన్నేళ్లూ ముల్లులా ఉండిపోయింది.

ఇప్పుడు తన మాటలే తిరిగి తన మీదికే వచ్చాయి. గొంతు, ఆపరేషన్, మాట్లాడకూడదు. ఆ ముసలాయన నమ్మమంటే ఎలా నమ్ముతాడు? ఆకలితో ఆయన ప్రాణం మీదికి తెచ్చుకుంటే ఆ పాపం ఎవరిది? నతానియేలు పలక మీది రాతను మోచేత్తో తుడిచి, "పోతా" అని రాశాడు.

"దుమ్ములోకి పోవద్దని స్టెల్లా మరీ మరీ చెప్పింది" అంది రూతమ్మ.

అతను "పోతా" కింద బలపంతో గట్టిగా గీత గీశాడు. ముప్ఫై నాలుగేళ్ల కాపురంలో ఆమె ఆ గీత లాంటి చూపు రెండు మూడుసార్లు చూసింది. తువ్వాలు తడిపి ముక్కుకు అడ్డంగా కట్టింది. గిన్నెలో మిగిలిన జావకు ఇంకొంచెం కలిపి చెంబులో పోసి రోజీ చేతికిచ్చింది.

గడప దాటే ముందు నతానియేలు ఆగి, పలక తుడిచి, పెద్ద పెద్ద అక్షరాలతో రాశాడు: "మామా నేను బతికే ఉన్నాను".

*

ఆ ఇంట్లో వెలుతురు తక్కువ. పెద్దయ్య గోడ వైపు తిరిగి పడుకుని ఉన్నాడు. ఒకప్పుడు నిలువెత్తు రాతిదిమ్మెను ఒంటి చేత్తో దొర్లించిన మనిషి, ఇప్పుడు దుప్పటి కింద ఉన్నాడా లేడా అన్నట్టున్నాడు. కుడి అరచెయ్యి గోడకు ఆనించి ఉంది. ఎన్నేళ్ల నుంచి అలా ఆనిస్తున్నాడో, అంతమేర మట్టి రాలి రాయి బయటపడి నున్నగా అయింది.

"మామా, నతానేలన్న వచ్చినాడు. చూడు" అంది రోజీ.

ఆయన మెల్లగా ఇటు తిరిగాడు. నతానియేలు గబగబా పలక ఎత్తి ఆయన ముఖం ముందు పట్టాడు. అక్షరాలు ఆయనకు బాగా ఆనేలా కొంచెం దగ్గరికి కూడా జరిపాడు. తెల్లబడిన ఆ రెండు కళ్లూ పలకను దాటి ఎటో చూస్తూ ఉండిపోయాయి. అప్పటికి గానీ తను చేస్తున్నదేమిటో నతానియేలుకు తెలియలేదు. తనకు అ ఆలు నేర్పిన మనిషి ఆయన. పెద్దయ్యకు చూపించడానికే కదా తను ఇన్నాళ్లూ ఏదైనా రాసింది! చూపు లేదన్న సంగతి మనసుకు తెలుసు గానీ చేతికి తెలియలేదు. సిగ్గుపడి పలక దించాడు.

రోజీ అతని చెయ్యి తీసి మామ చేతిలో పెట్టింది. పెద్దయ్య ఆ చేతిని నిదానంగా తడిమాడు. అరచేతి కాయలు, వంకర తిరిగిన బొటనవేలు, కొస తెగిపోయిన చూపుడువేలు.

"రాయి కొట్టిన చెయ్యే" అన్నాడు. "ఈ వీధిలో ఎవురి చెయ్యి పట్టుకున్నా ఇట్లనే ఉంటాది. వేలి కొస మా తమ్మునికీ లేదు. పోలమ్మ మొగునికీ లేదు. ఎవురినో తెచ్చి కూసోబెట్టినారు."

"అయ్యో మామా, అన్నే!"

"అట్లయితే మాట్లాడమను."

నతానియేలు ఒక్క క్షణం తటపటాయించాడు. తరువాత నోరు తెరిచి, "మామా" అన్నాడు. పిలుపు పెదాల దాకా రాలేదు. తూటు పడ్డ సైకిలు ట్యూబులోంచి గాలి పోయినట్టు ఏదో బయటికి వచ్చింది. అతనికే అది తన గొంతనిపించలేదు.

"ఇది మావోని గొంతు కాదు" అన్నాడు పెద్దయ్య కచ్చితంగా. "అమ్మా రోజీ, ఎన్ని రోజులు దాస్తారు? నన్ను కనీసం మట్టి ఏసేదానికన్నా తీసకపోలేదే. వాణ్ని పన్నెండేళ్ల పిల్లోడప్పుడు చేతిలో పెట్టి పోయిందమ్మా వాళ్లమ్మ."

ఆయన మళ్లీ గోడ వైపు తిరిగాడు. మూసుకున్న కంటి చివర నుంచి నీరు ముక్కు మీదికి జారింది. తన చావుకు ఒక మనిషి ఏడుస్తుంటే పక్కన కూర్చుని చూడడం ఎవరికి పడుతుంది? నతానియేలు కూడా తువ్వాలులో ముఖం దాచుకున్నాడు.

రోజీ జావ చెంబు మంచం కింద పెట్టి, కుళాయి నీళ్లు వచ్చే వేళయిందని బిందెలు తీసుకుని బయటికి వెళ్లింది. అతను స్టూలు మీద అలాగే కూర్చున్నాడు.

నలభై ఆరేళ్ల కిందటి కరువు ఏడాది అది. చంద్రశేఖరపురం వైపు పల్లె నుంచి తల్లి అతన్ని నడిపించుకుంటూ వచ్చి ఈ మనిషి ముందు నిలబెట్టింది. "పని నేర్పు అన్నా, కూడు పెట్టినా చాలు" అంది. అప్పుడు పెద్దయ్య గట్టిగా ముప్ఫై అయిదేళ్లవాడు. ఏమీ అడగలేదు. ఉలితో పొరలుగా చీల్చి, ఇసుకనీళ్లతో అరగదీసి, ఆరబెట్టిన పలకరాళ్ల దొంతి ముందు కూర్చోబెట్టాడు. ఒక రాయి తీసి, ఐదు వేళ్ల కొసల మీద నిలిపి, నడివేలి కణుపుతో కొట్టాడు. ఖంగుమంది. "ఇది నిండు రాయి" అన్నాడు. ఇంకొకటి కొట్టాడు. చప్పగా పలికింది. "ఇది లోపల చీలింది. కంటికి కనపడదు. చెవికి కనపడతాది." అదే మొదటి పాఠం. చట్రం బిగించే ముందు ప్రతి రాయినీ అలా కొట్టి చూడాలి. రెండు దెబ్బలు. అంతకు మించి కొడితే రాయికీ చేటు, పనికీ ఆలస్యం.

నతానియేలు మొదటి నెలలోనే ఒక చీలిక రాయిని వదిలేశాడు. మేస్త్రిని యజమాని నాలుగు మాటలు అన్నాడు. ఆ రోజు నుంచి అతను మూడోసారి కొట్టడం మొదలుపెట్టాడు. రెండు కొట్టి, చెవి ఒగ్గి విని, మూల దగ్గర మెల్లగా ఇంకొకటి. షెడ్డు ఆ చివర ఎక్కడున్నా పెద్దయ్య తల తిప్పకుండానే కేక వేసేవాడు. "మూడోది ఎందుకురా! మొదటిది రాయికి, రెండోది నీ చెవికి. మూడోది అనుమానానికా?" ఇరవై మంది ఒక్కసారిగా నవ్వేవాళ్లు. నలభై ఏళ్లు తిట్టినా ఆ అలవాటు పోలేదు. పోగొట్టాలని ఆయన అంత గట్టిగా అనుకోనూ లేదు. రోజుకు ఒకసారన్నా ఆ కేక వినకపోతే షెడ్డుకు పొద్దుపోయేది కాదు.

ఆ షెడ్డు ఇప్పుడు లేదు. అక్కడ గోడలకు అంటించే రాతి బిళ్లలు మిషను మీద కోస్తారు. నతానియేలు అందులోనే రంగుల వారీగా బిళ్లలు ఏరి పెడతాడు. మిషను హోరులో రాయి మోత వినే పని ఎవరికీ లేదు.

ఆ ఆలోచనలో ఉండగానే ఒళ్లోని పలకను అతని ఎడమ చెయ్యి వేళ్ల కొసల మీదికి ఎత్తుకుంది. కుడి నడివేలి కణుపు దానికదే మడుచుకుంది. చట్రం ఉంది కాబట్టి మోత కొంచెం అణిగింది గానీ, నిండు రాయి నిండు రాయే.

ఖంగు. ఖంగు.

ఆగి విన్నాడు. తరువాత మూల దగ్గర, మెల్లగా, ఇంకొకటి.

గోడ మీద ఉన్న చెయ్యి కదిలింది.

"మూడోది ఎందుకురా!"

పెద్దయ్య తన మాట తానే విని ఆశ్చర్యపోయినవాడిలా ఉండిపోయాడు. తరువాత ఇటు తిరిగి, రెండు చేతులూ చాచి గాల్లో వెతికాడు. దొరికింది పలక. ఆయన అరచెయ్యి దాని మీద ఆనింది.

"కొట్టు. ఇంకోసారి కొట్టు."

నతానియేలు కొట్టాడు. రెండు, ఆగి, మూడు. పలకలోని అదురు ముసలి అరచేతిలోకి వెళ్లింది. పెద్దయ్య ముఖం ముడతలన్నీ ఒక్కసారిగా వదులయ్యాయి. నోరు తెరిచి, పళ్లు లేని చిగుళ్లతో నవ్వాడు. ఆ నవ్వు దగ్గుగా మారింది. దగ్గు తగ్గాక మళ్లీ నవ్వాడు.

"వీడే! ఈ ముండాకొడుకు సచ్చే రకం కాదు. ఏందిరా, కొండనాలుక కోయించుకున్నావంట? దేవుడు ఇచ్చింది నీకు బరువైందా?"

నతానియేలు ఏడుస్తూ తల ఊపాడు. ఆ ఊపు ఆయనకు కనబడదని గుర్తొచ్చి, ఒకసారి పలక మీద కొట్టాడు. అవునంటే ఒకటి, కాదంటే రెండు అని ఎవరూ చెప్పుకోకుండానే ఒప్పందం కుదిరింది.

మంచం కింది చెంబు తీసి, ఆయన తల మోకాలి మీద ఆనించుకుని, జావ పట్టాడు. పెద్దయ్య రెండు గుక్కలు తాగి ముఖం చిట్లించాడు.

"ఉప్పు లేదే!"

నతానియేలు పలక మీద ఒకటి కొట్టాడు. లేదు మామా, నాకూ లేదు. ఆయనకు అర్థమైందో లేదో గానీ, చెంబు ఖాళీ అయ్యేదాకా మరో మాట అనలేదు.

కడుపు నిండాక పెద్దయ్య చాలా రోజుల తరువాత మాటల్లో పడ్డాడు. మార్కాపురం రోడ్డు స్టేషనులో గడ్డి పరిచి పెట్టెల్లో పలకలు సర్దిన సంగతి, యర్రగొండపాలెం నుంచి చట్రాలకు కొయ్య వచ్చిన బండ్ల సంగతి చెప్పాడు. వర్షం వస్తే రాతిపొడి బురదై అందరూ నల్లటి కాళ్లతో చర్చికి వెళ్తే పాస్టరు గుమ్మంలో తిట్టిన సంగతి చెప్పి తనే నవ్వాడు. "ఎంతమంది పిల్లోళ్లు మన రాయి మీద దిద్దుకున్నారో గదరా! వాళ్లకు మన పేరు తెల్వదు. తెల్వకపోతే ఏంలే. అక్షరం వచ్చింది గదా" అన్నాడు. నతానియేలు మధ్య మధ్యలో ఒకటి కొడుతూ విన్నాడు. ఎన్నడూ లేనంత సుఖంగా ఉంది అతనికి. ఆయన చెబుతుంటే షెడ్డు మళ్లీ లేచి నిలబడింది. సద్దిగిన్నెల వాసన, బీడీ పొగ, తడి రాయి వాసన, అన్నీ వచ్చి ఆ చిన్న గదిలో కూర్చున్నాయి.

ఉన్నట్టుండి పెద్దయ్య గొంతు తగ్గించాడు.

"మా తమ్మునప్పుడు అబద్ధం చెప్పినావు. ఇప్పుడు నిజం చెప్పినావు. సరిపోయింది లేరా. దాన్ని మోసుకోని తిరగబాక."

నతానియేలు పలక ఒళ్లో పెట్టేశాడు. ఆయన చెయ్యి తీసుకుని తన తడి చెంపకు ఆనించుకున్నాడు. పన్నెండేళ్ల ముల్లు అంత మామూలు మాటతో ఊడిపోయింది.

"నిద్ర పట్టి నాలుగు రోజులైంది" అన్నాడు పెద్దయ్య. "ఇట్ల కిందనే పండుకో. రవ్వంత గురక పెట్టు. నేనూ కన్ను మూస్తా."

నతానియేలు నేల మీద చాప పరిచి పడుకున్నాడు. గురక ఎక్కడి నుంచి తేవాలి? అది పుట్టే చోటే ఒంగోలులో కోసి పారేశారు. అయినా నోరు మూసుకుని, ముక్కుతో గాలి బలంగా లాగి, రంపం కోతను గుర్తు చేసుకుంటూ ఒక మోత చేశాడు. కుట్లు భగ్గుమన్నాయి. రెండోది చేసేలోపే మంచం మీద నుంచి కసురు వినబడింది.

"ఆపరా. దొంగ గురక. చీలిన రాయి మాదిరి ఉంది. లేచి పలక కొట్టు, అదే నయం."

లేచి, స్టూలు మీద కూర్చుని, పలక పట్టుకున్నాడు. బయట ఎండ వాకిలి దాటి గడప మీదికి వచ్చింది. వీధి చివర రాతి బిళ్లల మిషను మధ్యాహ్నం విశ్రాంతికి ఆగింది. పెద్దయ్య ఒక అరచెయ్యి పలక మీద, రెండోది గుండె మీద పెట్టుకున్నాడు.

రెండు. ఆగి, మూడు.

"మూడోది ఎందుకురా" అన్నాడు, నవ్వుతూ.

కాసేపటికి మళ్లీ. రెండు. మూడు.

"మూడోది ఎందుకు..." గొంతు నిద్రలోకి జారుతోంది.

ఇంకా కాసేపటికి. రెండు. మూడు. ఈసారి పెదాలు కదిలాయి గానీ మాట రాలేదు. పలక మీది చెయ్యి బరువెక్కింది. బాగా పట్టింది నిద్ర, అనుకున్నాడు నతానియేలు. ఆయన చెయ్యి జారి దుప్పటి మీద పడకుండా మెల్లగా తీసి పక్కన పెట్టాడు. ఆ మనిషిని చూస్తూ చాలాసేపు కూర్చున్నాడు. గడప మీది ఎండ జానెడు లోపలికి వచ్చింది.

ఎందుకో మనసు కీడు శంకించింది. పలక ఎత్తి, నిద్రపోతున్నవాణ్ని లేపేంత గట్టిగా కొట్టాడు. రెండు. ఆగాడు. మూల దగ్గర మూడోది కొట్టాడు.

చెవి ఒగ్గి విన్నాడు.

ఎవరూ తిట్టలేదు.

రూతమ్మ తన దగ్గర చేసినట్టే, అతను పెద్దయ్య ముక్కు కింద అరచెయ్యి పెట్టి చూశాడు. చాలాసేపు పెట్టే ఉంచాడు.

వాకిట్లో బిందె దించిన చప్పుడైంది. రోజీ కొంగుతో ముఖం తుడుచుకుంటూ గుమ్మంలోకి వచ్చి, ఖాళీ చెంబు చూసి సంతోషపడింది.

"తాగినాడా అన్నా? పండుకున్నాడా?"

నతానియేలు అవునన్నట్టు తల ఊపాడు. ఊపిన మరుక్షణం, ఇలాంటి అబద్ధం ఇంతకు ముందొకటి ఆడానని గుర్తొచ్చింది. దాన్ని మోసుకుని తిరగవద్దని మామ చెప్పి ఇంకా గంట కూడా కాలేదు. డాక్టరు చెప్పినదీ, స్టెల్లా చెప్పినదీ పక్కన పెట్టి అతను నోరు తెరిచాడు.

"మామ పోయినాడమ్మా."

గొంతు చీలి, నోట్లో ఉప్పగా రక్తపు రుచి తగిలింది. అయినా మాట స్పష్టంగానే వచ్చింది. రోజీకి రెండోసారి చెప్పవలసిన అవసరం రాలేదు.

మర్నాడు ఆదివారం ఆరాధన అయ్యాక వీధంతా కలిసి పెద్దయ్యను తీసుకుపోయారు. రాత్రికి రాత్రి లారీ వదిలి వచ్చిన సురేష్ ముందు నడిచాడు. ముక్కుకు తడి తువ్వాలు కట్టుకుని నతానియేలు పాడె ఒక కొమ్ము పట్టాడు. పాటలు వీధి మలుపు దాటి దూరమయ్యాక రూతమ్మ ఆ గదిలోకి వచ్చి, పక్క తీసి, దుప్పటి మడిచి, నీళ్లు చల్లి నేల తుడిచింది. స్టూలు మీదున్న వస్తువు ఒక్కటీ ముట్టుకోవడానికి ఆమెకు చేతులు రాలేదు.

నాలుగు మూలలా రేకు బిళ్లలున్న కొయ్య చట్రం పలక అది. "మామా నేను", "ఉన్నాను" అన్న మాటలు ఇంకా తెల్లగా ఉన్నాయి. వాటి మధ్య ఒక ముసలి అరచెయ్యి ఆనినంత మేర రాత చెరిగిపోయి, నల్లటి రాయి నున్నగా మెరుస్తోంది.